ఏం చదవాలో తేలకముందే సీటు తేల్చుకోవాల్సి వస్తే

అమ్మా, నువ్వు రాసింది ముందు నా మాటల్లో చెప్తాను. తేడా ఉంటే చెప్పు. మీది పరకాల. ఇంటర్ ఎంపీసీ. చేతిలో నాలుగు సీట్లు ఉన్నాయి: వరంగల్ నిట్‌లో (కేంద్రం నడిపే ఇంజినీరింగ్ సంస్థ) మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్), హన్మకొండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా (ఎంసెట్ ర్యాంకు మీద వచ్చే సీటు) కింద సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) డేటా సైన్స్, తిరుపతి ఐసర్‌లో (కేంద్రం పెట్టిన సైన్సు సంస్థ) బీఎస్-ఎంఎస్, హైదరాబాద్ శివార్లలో ‘మేజర్ (ముఖ్య సబ్జెక్టు) రెండో ఏడు ఎంచుకోవచ్చు’ అంటున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ. బాపు టైలర్. మీ మేనమామ కంప్యూటర్స్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. నీకు లెక్కలంటే ఇష్టం, ఎకనామిక్స్ అంటే ఆసక్తి, బయాలజీ వదిలేశానే అన్న బెంగ. ఇంజినీరింగ్ నచ్చుతుందో లేదో తెలియదు. ‘ఏం కావాలో నాకే తెలియనప్పుడు ఎట్లా ఎంచుకోను సార్’ అని అడిగావు.

నేను హన్మకొండలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కౌన్సెలింగ్ రోజుల్లో హెల్ప్‌లైన్ సెంటర్లలో పిల్లల పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టించడం ఏళ్ల తరబడి చేశాను. నీ వయసులో ఏం చదవాలో తెలియకపోవడం మామూలే, దానికి టెన్షన్ పడకు. తెలుసని ధీమాగా చెప్పే పిల్లలను కాస్త కదిలిస్తే, వాళ్లు చెప్పేది చాలాసార్లు పక్కింటి అన్న ఉద్యోగం సంగతే అయి ఉంటుంది.

నువ్వు చిక్కుకున్నది ఎక్కడంటే, నాలుగు సబ్జెక్టులను పక్కపక్కన పెట్టి చూస్తున్నావు. ఆ సబ్జెక్టులేమిటో నీకింకా తెలియవు, కాబట్టి ఎన్ని రాత్రులు కూర్చున్నా ఆ లెక్క తెగదు. తెగే లెక్క ఇంకొకటుంది. రెండో ఏడు చివర ‘ఇది నాకు పడదు’ అనిపించిందనుకో. అప్పుడు ఏ సీటు నుంచి పక్కకు జరగడానికి నీకెంత ఖర్చవుతుంది? డబ్బు ఒక్కటే ఖర్చని అనుకోకు. ఏడాది పోవచ్చు, సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కోవచ్చు, సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోవచ్చు, చుట్టాల ముందు బాపు మాట పడాల్సి రావచ్చు. మీ బాపునే అడుగు, ఎదిగే పిల్లల బట్టలకు లోపల కాస్త గుడ్డ ఎందుకు వదిలి కుడతాడో. నాలుగు సీట్లలో ఆ వదులు ఎక్కడ ఎంతుందో చూద్దాం.

ముందు మీ మామ చెప్పిన సీటు. ఎంసెట్ అని మేం ఇప్పటికీ అంటాం గానీ 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. ఆ వెబ్ ఆప్షన్ల పేజీ చూశావు కదా, సీఎస్‌ఈ, సీఎస్‌ఎమ్, సీఎస్‌డీ, సీఎస్‌సీ అని వరసగా కోడ్‌లు ఉంటాయి. నీ డేటా సైన్స్ సీటు కోడ్ సీఎస్‌డీ. నువ్వు ఈ పూట చెయ్యాల్సిన పని ఒకటి చెప్తాను. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో సీఎస్‌ఈ సిలబస్, సీఎస్‌డీ సిలబస్ రెండూ డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన తెరువు. మొదటి ఏడు ఏ కాలేజీలోనైనా అటూఇటుగా ఇదే: లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, బేసిక్ ఎలక్ట్రికల్, ఇంగ్లిష్. రెండో ఏడు కూడా డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటూ చాలా భాగం కలిసిపోతుంది. డేటా సైన్స్ అన్న పేరు గట్టిగా పనిచేసేది మూడో ఏటి నుంచే. కాబట్టి ఆ పేరు చూసి మురిసిపోనూ వద్దు, భయపడనూ వద్దు. ఆ సీటు అసలు సిసలు కంప్యూటర్స్ సీటే.

మరి వదులెంత? కంప్యూటర్స్ లోపల తిరగడానికి ఇబ్బంది లేదు. కౌన్సెలింగ్ చివరి ఫేజ్ అయ్యాక అదే కాలేజీలో బ్రాంచ్ మారడానికి ఇంటర్నల్ స్లైడింగ్ ఉంది. ఇప్పుడు దాన్ని కన్వీనరే జరుపుతున్నారు గనుక రీయింబర్స్‌మెంట్ పోతుందన్న భయమూ లేదు. అయితే అదంతా ఖాళీలు ఉంటేనే, అదీ చదువు సరిగా మొదలవకముందే. నీ అనుమానమేమో చదువు మొదలయ్యాక తేలే రకం. పైగా ఆ కాలేజీలో ఉన్నవన్నీ ఇంజినీరింగ్ బ్రాంచ్‌లే, లెక్కల్లోకో ఎకనామిక్స్‌లోకో జరగడానికి అక్కడ చోటే లేదు. డబ్బు సంగతి కూడా చూడు. నువ్వు బీసీ అని, ఎంసెట్ ర్యాంకు 10,000 దాటిందని రాశావు. అంటే రీయింబర్స్‌మెంట్ 35,000 దగ్గర ఆగుతుంది, పై ఫీజు మీరే కట్టుకోవాలి. ఆ 35,000 కూడా సర్కారు నుంచి సకాలంలో రాదు. బకాయిలు పేరుకుపోతే కాలేజీ వాళ్లు చివర్లో సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు మీ మీద పడతారు. ‘ఇంట్లో ఉండి చదువుకోవచ్చు, ఫ్రీ సీటు’ అన్న మామ మాటలో మొదటిది నిజం. రెండోది సగమే నిజం.

ఇప్పుడు నిట్. 1959లో ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ)గా మొదలైనప్పటి నుంచి మన జిల్లా వాళ్లకు అది కళ్లముందే ఉంది. అందుకేనేమో దాని ఫీజు సంగతి చాలా ఇళ్లలో సరిగా తెలియదు. ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,25,000 అని చూడగానే ‘మన వల్ల కాదు’ అని పేజీ మూసేస్తారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. మీ బాపు సంపాదన రెండో లెక్కలోకి వచ్చినా నువ్వు కట్టేది ఏడాదికి 42 వేల లోపే. హాస్టల్, మెస్ ఖర్చు వేరే ఉంటుంది, అది తక్కువేం కాదు. అయినా ఇంటి దగ్గరి ప్రైవేటు కాలేజీని, నిట్‌ను ఒక కాగితం మీద పెట్టి లెక్కేస్తే మీ ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతారు. మామను కూడా కూర్చోబెట్టుకుని వెయ్యి ఆ లెక్క.

అయితే బ్రాంచ్ మార్చుకోవచ్చు కదా అన్న ఆశతో మెటలర్జీలో చేరకు. సీనియర్లు ఈ ఆశ బాగా పెడతారు. బ్రాంచ్ మార్పు ఉన్నచోట కూడా అది మొదటి ఏటి మార్కుల మీద, పై బ్రాంచ్‌లో ఖాళీ ఉంటేనే. ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, ఆశ పెట్టుకున్నవాళ్లు క్లాసు నిండా ఉంటారు. కొన్ని ఐఐటీలైతే, మొదటి ఏడు పిల్లలు దీనికోసమే నలిగిపోతున్నారని ఈ పద్ధతినే ఎత్తేశాయి. నాలుగేళ్లూ మెటలర్జీలోనే ఉండాల్సి వస్తే ఉండగలనా అని నిన్ను నువ్వు అడుగు. ‘ఉండగలను, విరగబడి ఇష్టపడకపోయినా’ అన్న జవాబు వస్తే చాలు.

మెటలర్జీ అంటే ఇనుము కాల్చడమే అనుకునేవాళ్లకు ఒక మాట. మన హైదరాబాద్‌లోనే లోహాల మీద పనిచేసే మిధాని, డీఎంఆర్‌ఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్నాయి. దేశంలో ఈ చదువుకు ఇంత దగ్గర దగ్గరగా పని ఉన్న ఊళ్లు ఎక్కువ లేవు. నీకు లెక్కలు ఇష్టం అంటున్నావు కాబట్టి అందులో థర్మోడైనమిక్స్, స్ఫటిక నిర్మాణం లాంటివి నచ్చే అవకాశం కూడా ఉంది. నచ్చకపోతే? అక్కడ వదులు ఎక్కడుందంటే మైనర్‌లో, అంటే డిగ్రీకి తోడుగా చదివే రెండో విభాగంలో. ఇప్పుడు బీటెక్‌లో మామూలు క్రెడిట్ల పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే వేరే విభాగంలో మైనర్ ఇచ్చే పద్ధతి దేశమంతా వచ్చింది. మెటలర్జీ డిగ్రీ మీద కంప్యూటర్స్ మైనర్ పెట్టుకోవచ్చన్నమాట. నిట్‌లో ఏ మైనర్‌కు ఎంత సీజీపీఏ (మార్కుల సగటు) అడుగుతున్నారో అకడమిక్ రెగ్యులేషన్స్ పీడీఎఫ్‌లో ఉంటుంది, చదువు. నిట్ లాంటి చోట్లకు వచ్చే సాఫ్ట్‌వేర్, అనలిటిక్స్ కంపెనీల్లో చాలావరకు అన్ని బ్రాంచ్‌ల వాళ్లనూ పరీక్షకు కూర్చోనిస్తాయి, కొన్ని కూర్చోనివ్వవు. నాలుగేళ్ల తర్వాత మనసు ఎకనామిక్స్ వైపు పోతే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీకి బీటెక్ వాళ్లు కూడా రాయొచ్చు. లెక్కలు గట్టిగా ఉన్నవాళ్లకే అక్కడ పని.

ఐసర్ సంగతి వేరు. నీలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టు ఉంటుంది దాని పద్ధతి. మొదటి మూడు నాలుగు సెమిస్టర్లు అందరూ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదవాల్సిందే. మేజర్ ఆ తర్వాతే. బయాలజీ వదిలేశానే అన్న బెంగకు ఇంతకన్నా మందు లేదు. నువ్వు ఐఏటీ (ఐసర్ ప్రవేశ పరీక్ష) రాశావు కదా, 60 ప్రశ్నల్లో 15 బయాలజీవే. ఎంపీసీ పిల్లవై ఉండి వాటికి ఎట్లా తయారయ్యావో గుర్తు చేసుకో. తప్పదని బట్టీ పట్టావా, లేక చదువుతూ చదువుతూ టైం మర్చిపోయావా? నీ గురించి నీకు తెలిసిన గట్టి సమాచారం ఇప్పటికి అదొక్కటే, దాన్ని తేలిగ్గా తీసుకోకు.

కానీ ఐసర్ ఒక వైపు తలుపులు బార్లా తెరిచి, ఇంకో వైపు ఓరగా పెడుతుంది. అది పరిశోధన కోసం పెట్టిన సంస్థ. అయిదేళ్ల చదువు, తర్వాత పీహెచ్‌డీ అన్నది అక్కడి మామూలు దారి. క్యాంపస్‌లోనే ఉద్యోగం అన్నది నిట్‌లో ఉన్నంతగా ఉండదు. సైన్సుల మధ్య తిరగడానికి చాలా చోటుంది, సైన్సు నుంచి బయటికి రావడానికి అంత లేదు. ఇంట్లో ఎవరో ఒకరి సంపాదన నాలుగేళ్లలో మొదలు కావాలా, ఎనిమిది తొమ్మిదేళ్లు ఆగగలరా? ఈ ప్రశ్న బాపును సూటిగా అడుగు. పిల్లలు దీన్ని అడగడానికి మొహమాటపడతారు, తండ్రులు చెప్పడానికి మొహమాటపడతారు, మధ్యలో సీటు పోతుంది. దూరం గురించి మాత్రం ఎవరి మాటా పట్టించుకోకు. ఆడపిల్లను తిరుపతికి ఒంటరిగా ఎట్లా పంపుతాం అనే చుట్టాలే మొక్కు తీర్చుకోవడానికి ఏటా కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటారు. క్యాంపస్ ఏర్పేడు దగ్గర, హాస్టల్ లోపలే.

నిట్‌కైనా ఐసర్‌కైనా అప్పు అవసరమైతే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి చూడండి. తాకట్టు, పూచీ లేకుండా ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద చదువు కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మిత్తికి తెచ్చే ఆలోచన మాత్రం బాపును చెయ్యనివ్వకు.

నాలుగోది, హైదరాబాద్ యూనివర్సిటీ. ‘మేజర్ తర్వాత’ అన్నది మంచి పద్ధతే. కానీ దానికి వాళ్లు అడిగే ధర ఎంత? ప్రైవేటు యూనివర్సిటీల్లో మన రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఫోన్ చేసి అడుగు: రెండో ఏడు ఏ మేజర్ అడిగినా ఇస్తారా, లేక దానికి సీట్ల లెక్క, సీజీపీఏ కోత ఉన్నాయా? స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, ఒక సెమిస్టర్ మార్కులు తగ్గితే పోతుందా? జవాబు ఫోన్‌లో చెప్తే ఒప్పుకోకు, మెయిల్‌లో రాసివ్వమను. రాసివ్వడానికి నసిగితే నీ జవాబు నీకు వచ్చినట్టే. నా మటుకు నేను టైలర్ ఇంటి పిల్లకు ఆ ఫీజు సలహా ఇవ్వను.

దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్) డిగ్రీ చేరి ఆలోచించుకోనా అని కూడా అడిగావు. ఖర్చు తక్కువ, పింగిళి కాలేజీ లాంటి మంచి సర్కారు కాలేజీ హన్మకొండలోనే ఉంది, లెక్కలతో పాటు ఎకనామిక్స్ కలిసే కాంబినేషన్ దొరికితే నీకు బాగా అతుకుతుంది కూడా. చాలామందికి తెలియనిది ఒకటుంది: బీఎస్సీ మ్యాథ్స్ చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట్లో చేరొచ్చు. కానీ చేతిలో నిట్, ఐసర్ ఉన్నప్పుడు ఈ దారి పట్టాల్సిన పని లేదు. ఏడాది ఆగి లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటానంటే మాత్రం వద్దనే అంటాను. లాంగ్ టర్మ్ ర్యాంకు కోసం. నీకు తక్కువైంది ర్యాంకు కాదు కదా. ఏడాదంతా మళ్లీ అవే ఎంపీసీ బిట్లు చేస్తే ఎకనామిక్స్ నచ్చుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

దాన్ని తెలుసుకోవడానికి చేరేలోపు ఉన్న ఈ రోజులు వాడుకో. వీడియోలు చూశానన్నావు. చూస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది, చెప్పేవాడు బాగా చెప్తే ఇంకా బాగుంటుంది. చేసి చూడు. తెలుగు అకాడమీ ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకం సీఈసీ చదివిన ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. డిమాండ్, వ్యాకోచత్వం అధ్యాయాలు చదివి, పరకాల మార్కెట్లో పత్తి రేటు ఈ నెల ఎందుకు పెరిగిందో, ఎందుకు పడిందో ఒక పేజీ సొంతంగా రాయి. ఆ పేజీ రాయడం విసుగనిపించిందా, లేక మరునాడు మార్కెట్ యార్డులో ఎవరినో అడగాలనిపించిందా? అట్లాగే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో పైథాన్ మొదటి కోర్సు ఒకటి, మెటీరియల్స్ సైన్స్ మొదటి కోర్సు ఒకటి తీసుకుని ఉచితంగానే రెండేసి వారాల అసైన్‌మెంట్లు చెయ్యి. పాఠం వినడం మానేసినా ఫర్వాలేదు, అసైన్‌మెంట్ మానకు. తప్పు వచ్చిన లెక్క దగ్గరికి ఎవరూ చెప్పకుండా మళ్లీ వెళ్తున్నావంటే ఆ సబ్జెక్టును గుర్తుపెట్టుకో. మార్కులు ఎక్కువ వచ్చిన సబ్జెక్టు, ఇష్టమైన సబ్జెక్టు ఒకటే కానక్కర్లేదు. నా క్లాసులో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంటూ లెక్కలంటే ఏవగించుకున్న పిల్లలను చూశాను.

ఇంకో పని. కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైట్‌లో ఒక్కో సంస్థ ఇచ్చిన సమాచార పత్రాలు ఉంటాయి. అందులో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అని ఉంటుంది. బ్రాంచ్‌ల వారీగా ఉండదు గానీ, చౌరస్తా హోర్డింగ్ మీద ఒక్క పిల్లవాడి ఫొటో పక్కన వేసే ప్యాకేజీ కంటే నయం. నీలా తేల్చుకోనివాళ్లు ‘పై చదువులకు వెళ్లినవారు’ అన్న గడి తప్పక చూడాలి.

నన్ను ఒకటే చెప్పమంటే: ఇంట్లో నాలుగేళ్లలో సంపాదన కావాలంటే నిట్ మెటలర్జీ. ఆగగలమని బాపు మనస్ఫూర్తిగా అంటే, పైగా ఆ 15 బయాలజీ ప్రశ్నలు నువ్వు ఇష్టంగా చదివి ఉంటే, ఐసర్. నీ ఉత్తరం చదివాక నా మొగ్గు నిట్ వైపే, ఎందుకంటే అందులో నువ్వు బాపు చేతి నొప్పి గురించి రెండుసార్లు రాశావు. సీఎస్‌డీ సీటు చెడ్డదేం కాదు. కంప్యూటర్సే కావాలని తెలిసినదానివైతే ఇంకోలా చెప్పేవాణ్ని. మామతో వాదన పెట్టుకోకు. ‘నిట్‌లో కంప్యూటర్స్ మైనర్ చేస్తాను మామా’ అని ఆ రెగ్యులేషన్ పేజీ చూపించు, సగం మెత్తబడతాడు.

ఇక కాగితాల పని, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నిట్ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్ అని మూడు ఉంటాయి. ఫ్రీజ్ అంటే వచ్చిన సీటే చాలని. స్లైడ్ అంటే అదే సంస్థలో పై బ్రాంచ్ వస్తే తీసుకుంటానని, ఫ్లోట్ అంటే ఎక్కడైనా సరేనని. ఫ్లోట్ పెట్టి పై ఆప్షన్ వచ్చిందంటే పాత సీటు తనంతట తానే పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. నీ లిస్టులో వరంగల్ మెటలర్జీకి పైన ఏమేం పెట్టావో ఇప్పుడే చూసుకో. ఎక్కడో ఈశాన్యంలో ఒక నిట్ కంప్యూటర్స్ పైన ఉండి, అక్కడికి వెళ్లే ఉద్దేశం నీకు లేకపోతే ఫ్లోట్ వద్దు, స్లైడ్ పెట్టు. జోసా సీటు వదులుకోవాలన్నా చివరి రౌండ్‌కు ముందే వదులుకోవాలి.

ఎంసెట్ సీటుకు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి ఉంచుకో, తేలేదాకా ఒరిజినల్ టీసీ, మెమో మాత్రం కాలేజీకి ఇవ్వకు. ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోకూడదని పై చదువులను నియంత్రించే యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. అయినా ఇచ్చాక వెనక్కి తెచ్చుకోవడానికి పది తిరుగుళ్లు తప్పవు. ఫీజు వాపసుకు యూజీసీ తేదీలు ప్రకటిస్తుంది. 2024లో సెప్టెంబర్ 30 లోపు రద్దు చేసుకుంటే మొత్తం ఇవ్వాలని, అక్టోబర్ 31 వరకు 1,000 రూపాయలకు మించి కోయకూడదని చెప్పింది. ఈ ఏటి తేదీలు చూసుకుని ఆ కాగితం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో.

అన్నిటికన్నా ముందు ఓబీసీ సర్టిఫికెట్ చూడు. మన మీసేవలో ఇచ్చే మామూలు బీసీ కుల ధ్రువీకరణ జోసాకు పనికిరాదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ అని ఉండాలి, ఈ ఏడు ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది కావాలి. పోయినేటిది ఉంటే రేపే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి. ఆదాయ ధ్రువీకరణ కూడా అదే రోజు అప్లై చెయ్యండి, నిట్ ఫీజు మాఫీకి అదే ఆధారం.